దగ్గితే చీర తడుస్తోంది, ఈ కెగెల్ వ్యాయామం సరిగ్గా చేస్తున్నానా?

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నాకు 41 ఏళ్లు, ఇద్దరు పిల్లలు, రెండూ మామూలు కాన్పులే. రెండోవాడు పుట్టినప్పటి నుంచి గట్టిగా దగ్గినా, తుమ్మినా, నీళ్ల బిందె ఎత్తినా కాస్త మూత్రం పడిపోతోంది. ఏడేళ్లుగా ఎవరికీ చెప్పుకోలేదు. మొన్న పాతపట్నంలో పెళ్లికెళ్లి, నవ్వడానికి కూడా భయపడి కూర్చున్నాక ఇక సిగ్గు వదిలేశాను.

డాక్టరమ్మ పరీక్ష చేయించి, ఇన్‌ఫెక్షన్ లేదని చెప్పి కెగెల్ వ్యాయామం చేయమన్నారు. గ్యాస్ ఆపుకున్నట్టు కింది కండరాలను లోపలికి, పైకి బిగించాలి. ఐదు సెకన్లు ఉంచి, మళ్లీ అంతే సేపు వదిలేయాలి. పదేసిసార్లు, రోజుకు మూడు పూటలా. గుణం కనపడటానికి మూడు నెలలు పట్టొచ్చట. ఆవిడ గబగబా ఒడియాలో చెప్పేసరికి నాకు సగమే అర్థమైంది (శ్రీకాకుళం పిల్లని, నా ఒడియా బజారు బేరాల వరకే).

చిక్కేమిటంటే, బిగించగానే పొట్టా తొడలూ కూడా బిగుసుకుపోతున్నాయి, ఊపిరి ఆగిపోతోంది. ఆరు వారాలైనా మార్పు లేదు. పక్కింటావిడేమో రోజూ మూత్రం మధ్యలో ఆపి సాధన చేయమంటుంది, అది అలవాటు చేసుకోవద్దని డాక్టరమ్మ ముందే అన్నారు. మా అత్తయ్య నడుముకు గుడ్డ బిగించి కట్టుకోమంటారు. నీళ్లు తగ్గించి చూశాను, మలబద్ధకం వచ్చి ముక్కాల్సొచ్చింది, అది ఇంకా చేటు!

చేసి బాగుపడిన అక్కలెవరైనా చెప్పండి, సరైన కండరమే కదులుతోందని మీకెలా తెలిసింది? పడుకుని చేస్తే తేలికా? బరంపురంలో గానీ శ్రీకాకుళంలో గానీ ఇది నేర్పే ఆడ ఫిజియోథెరపిస్టు ఉన్నారా, తెలుగు మాట్లాడేవారైతే మరీ మంచిది.