ఈ వారం సమస్య: "తప్పు చేయలేదు తప్పు చేసె"

సంచాలకుడు (అమలాపురం):

ఆటవెలది పద్యానికి నాలుగో పాదం ఇస్తున్నాను. దీనికి అర్థం కుదిరేలా పై మూడు పాదాలూ మీరు పూరించాలి.

తప్పు చేయలేదు తప్పు చేసె

చూడ్డానికి పిచ్చిమాటలా ఉంది కదండీ. ఇది ఎక్కడిదంటే, సాయంత్రాలు మా వీధి అరుగు మీద గల్ఫుకీ ఓడల మీదకీ ఉద్యోగాలకు వెళ్లే కుర్రాళ్లకు ఇంటర్వ్యూ ఇంగ్లీషు చెబుతుంటాను. కోనసీమలో ఇంటికొకరు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉన్నవాళ్లే. పిల్లలకు వ్యాకరణం బాగానే వస్తుంది. చిక్కంతా ఏ మాట పక్కన ఏ మాట కూర్చోవాలన్న దగ్గరే. మన "చేయు" అన్నిటికీ సరిపోతుంది. పని చేస్తాం, తప్పు చేస్తాం, ప్రయత్నం చేస్తాం, ఓవర్‌టైం చేస్తాం, ఏర్పాట్లు చేస్తాం. ఇంగ్లీషులో ఇవి రెండు వాటాలవుతాయి. వర్క్, జాబ్, డ్యూటీ, షిఫ్ట్, ఓవర్‌టైం, పేపర్‌వర్క్... వీటికి "డూ". మిస్టేక్, ఎఫర్ట్, డెసిషన్, ప్రోగ్రెస్, అరేంజ్‌మెంట్స్... వీటికి "మేక్". ముందే ఉన్న పనిని నెరవేరిస్తే డూ, లేనిదాన్ని పుట్టిస్తే మేక్ అని ఒక అడ్డగుర్తు చెబుతారు. సగం దూరం పనికొస్తుంది. ఆ తర్వాత కంఠతా పట్టాల్సిందే.

షరతు ఒక్కటే. పనికీ విధులకీ సంబంధించిన ఇంగ్లీషు మాటల పొత్తు ఒకటైనా పద్యంలో ఉండాలి. నేరుగా వాడినా సరే, భావంలో పెట్టినా సరే. సరళమైన భాష చాలు. కడియంలో పుట్టిన చెళ్ళపిళ్ళ, యండగండిలో పుట్టిన దివాకర్ల జంటగా అవధానాలు చేసి ఊరూరా సమస్యలు పూరించిన నేల ఇది. ఆటవెలదికి జంకుతారా?

రావులపాలెం మాష్టారు:

పనిని చక్కఁ జేసె పట్టుదలగ వాఁడు
చెప్పు మాట యందె చిక్కు వచ్చె
మేకు మాని 'డూ'ను మేళవించె నతఁడు
తప్పు చేయలేదు తప్పు చేసె

పనిలో తప్పు లేదు, ఆ పని గురించి చెప్పిన వాక్యంలో ఉంది. "ఐ డిడ్ ఎ మిస్టేక్" అన్నాడు. మిస్టేకు మేక్ చేయాలి గానీ డూ చేయకూడదు. నా పూరణ అంతే.

సంచాలకుడు:

తొలి పూరణ ఎప్పుడూ మాష్టారిదే. "మేళవించె" చక్కగా పడింది. శ్రుతి కలపడానికి వాడే మాట, మాటల పొత్తుకు ఇంకా బాగా నప్పింది.

ముమ్మిడివరం లెక్కలాయన:

మాష్టారూ, ఒక్క మాటండి. మొదటి పాదంలో "వాఁడు", మూడో పాదంలో "అతఁడు". మధ్యలో ఆ కుర్రాడికి ఉద్యోగం గానీ వచ్చిందా, గౌరవం పెంచారు?

రావులపాలెం మాష్టారు:

ఆయ్, దొరికిపోయాను. మూడో పాదం "మేకు మాని 'డూ'ను మేళవించెఁ దుదకు" అని మార్చుకోండి. గణాలు చెడలేదు, మర్యాద కుదిరింది. ఇంకో ముక్క. మాట స్వభావం దాని సావాసాన్ని బట్టి తెలుస్తుందని ఫర్త్ అనే ఇంగ్లీషు భాషాశాస్త్రవేత్త 1957లో రాశాడు. అంతకు చాలా ముందు, 1919 నుంచి 1928 దాకా, ఆయన లాహోరులో ఇంగ్లీషు ప్రొఫెసరు. మన దేశపు కుర్రాళ్ల డూలూ మేకులూ ఎన్ని దిద్దాడో పాపం.

భీమవరం ఇంజినీరింగు కుర్రాడు:

పద్యం రాయడం ఇదే మొదలు. తిట్టకండి.

డెడ్డులైను మీటి డ్యూటి చక్కగఁ జేసి
మెయిలు పెట్టెనయ్య మేనుజరుకు
'ఐ డు వర్కు' బదులు 'ఐ మేకు వర్క'ని
తప్పు చేయలేదు తప్పు చేసె

రావులపాలెం మాష్టారు:

తమ్ముడూ, మూడో పాదానికి నా చేతిగడియారం తీసి ఇచ్చేయొచ్చు. ఐ డు, వర్కు, బదులు అని మూడు సూర్యగణాలు. ఐ మేకు, వర్కని అని రెండు ఇంద్రగణాలు. ఐకి ఐ యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ మైత్రి. ఇంగ్లీషు వాక్యం ఆటవెలదిలో అతుకు కనపడకుండా కూర్చుంది. "డూ"ని "డు" అని కుదించావు, అన్యదేశ్యం, అంటే పరాయి భాష మాట, కాబట్టి పోనిద్దాం.

కానీ మొదటి పాదంలో యతి పోయింది. "డె"కి "డ్యూ" చెల్లదు. డకారం ఉంటే చాలదు, అచ్చు కూడా కలవాలి. ఎకారానికి ఇ, ఈ, ఏ చెల్లుతాయి. ఊకారం చెల్లదు.

భీమవరం కుర్రాడు:

డెడ్‌లైన్‌కి డ్యూటీ కలవదంటే మా హాస్టలంతా ఒప్పుకుంటుంది సార్. ఇలా మారిస్తే?

డెడ్డులైను మీటి డేటు మార్చక తాను

రావులపాలెం మాష్టారు:

డె, డే. దివ్యంగా ఉంది. భావం కూడా మెరుగైంది. గడువు పొడిగించమని అడగలేదని తెలుస్తోంది.

ముమ్మిడివరం లెక్కలాయన:

"మీటి" దగ్గర కాసేపు ఆగిపోయానండి. ఇంగ్లీషు "మీట్"కి తెలుగు ప్రత్యయం తగిలించాడు, అది వీణ తీగ మీటినట్టు వినిపిస్తోంది. కావాలని చేశాడో, అదే పడిందో గానీ బాగుంది. ఇంగ్లీషులో గడువును మీట్ అవుతారు, మిస్ అవుతారు, ఎక్స్‌టెండ్ చేయమంటారు. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు "రీచ్ ద డెడ్‌లైన్" అని రాస్తుంటారు. "గడువుకు చేరుకోవడం" అన్న మన ఆలోచన అక్కడ అలా దిగుతుంది.

సంచాలకుడు:

"ఐ మేక్ వర్క్" గురించి ఎవరూ అనలేదు, నేనంటాను. అది ఉత్త తప్పయితే నవ్వి ఊరుకునేవాణ్ణి. "మేక్ వర్క్" అని ఇంగ్లీషులో నిజంగానే ఉంది. ఇతరులకు లేనిపోని పని కల్పించడం అన్నమాట. ఆ మెయిలు చదివిన మేనేజరు నిజమేననుకుని ఉంటాడు.

ముమ్మిడివరం లెక్కలాయన:

ఇక నాది.

గడువు లోన లెక్క కట్టిన చిన్నోడు
సారు చూడకుండఁ జాలఁ దిట్టె
ఎవరు చేసి రేమి యిందులో ననఁగాను
తప్పు చేయలేదు తప్పు చేసె

క్రమాలంకారం. చిన్నోడు తప్పు చేయలేదు, సారు తప్పు చేశాడు.

రావులపాలెం మాష్టారు:

సమస్యలోని వైరుధ్యాన్ని రెండు ముక్కలు చేసి ఇద్దరికీ పంచేశారు. పాత పద్ధతే, నమ్మకమైన పద్ధతి. "చిన్నోడు" దగ్గర వ్యాకరణం చదివినవాళ్లు మొహం చిట్లిస్తారు. నేనైతే ఉంచేస్తాను. "చిన్నవాఁడు" అంటే గణం కుదరదు, మన వైపు ఎవరూ అలా అనరు కూడా.

సంచాలకుడు:

పూరణ బాగుంది, షరతు మాత్రం దాటేశారు. ఇంగ్లీషు పొత్తు ఏదండీ?

ముమ్మిడివరం లెక్కలాయన:

భావంలో పెట్టొచ్చన్నారు కదా. "గడువు లోన" అంటే మెట్ ద డెడ్‌లైన్. "లెక్క కట్టిన" అంటే డిడ్ ద అకౌంట్స్. రోజూ పద్దు రాసుకోవడం కీప్ అకౌంట్స్. కూర్చుని లెక్కలన్నీ తేల్చడం డూ ద అకౌంట్స్. ఈ తేడా చెప్పడానికి నాకు నాలుగు పాదాలు చాల్లేదు.

సంచాలకుడు:

ఈ వివరణ పద్యంలోకి వచ్చుంటే మొదటి బహుమతి మీదే. ఇప్పుడు రెండోదానికి కూడా ఆలోచిస్తున్నాను.

మలికిపురం నర్సమ్మ:

రాత్రి డ్యూటీలో రాసిందండి. తప్పులుంటే దిద్దండి.

రేయి డ్యూటిలోన రెస్పాన్సిబిలిటిని
తలకు నెత్తుకొనియెఁ దల్లి నర్సు
ఒకరి లోటుఁ దానె యొప్పుకొన్నది గాన
తప్పు చేయలేదు తప్పు చేసె

ఇది నిజంగా జరిగేదే. వార్డులో పొరపాటు ఒకరిది. పెద్దవాళ్లు వచ్చి అడిగేసరికి టెన్షన్‌లో "ఐ టేక్ రెస్పాన్సిబిలిటీ ఫర్ ఇట్" అనేస్తుంది ఇంకొకామె. తను చేసింది ఏమీ లేదు. ఒప్పుకోవడమే తప్పయింది.

రావులపాలెం మాష్టారు:

అమ్మా, "రెస్పాన్సిబిలిటిని" అన్న ఏడక్షరాల కొండను రెండు ఇంద్రగణాలుగా ఎలా విరిచారు! రెస్పాన్సి తగణం, బిలిటిని నలము, రేకి రె యతి. ఈ మాట ఆటవెలదిలో పడుతుందని నేను అనుకోలేదు. ఒక అనుమానం ఎవరైనా లేవదీయొచ్చు. "రేయి" తర్వాత "డ్యూ" సంయుక్తం కాబట్టి "యి" గురువు కాదా అని. అవి సమాసం కాని వేరు వేరు మాటలు, పైగా రెండోది పరాయి మాట. లఘువుగానే లెక్కపెట్టొచ్చని నా అభిప్రాయం.

సంచాలకుడు:

నాకు నచ్చింది రెండో పాదం. "తల్లి నర్సు" అన్న చోట కవయిత్రి ఆమె పక్షం తీసుకుంది, కానీ ఒక్క మాట కూడా వాదించలేదు. సమస్యలోని మొదటి "తప్పు" ఆసుపత్రి అడిగేది, రెండోది ఆమె మంచితనం. ఇంగ్లీషు పొత్తు పద్యానికి అలంకారంగా రాలేదు, కథ దాని మీదే నడిచింది. షరతు పెట్టినప్పుడు నేను కోరుకున్నది ఇదే. ఫర్ అన్న చిన్నమాటను ఎవరూ వదిలేయకండి. టేక్ రెస్పాన్సిబిలిటీ తర్వాత దేనికి అని చెప్పాలంటే అదే రావాలి.

భీమవరం కుర్రాడు:

అక్కా, డ్యూటీతో ఇంకేం మాటలు వస్తాయో చెప్పరా? మాకు ఇంటర్వ్యూలు దగ్గరికొచ్చాయి.

మలికిపురం నర్సమ్మ:

మనం డ్యూటీ ఎక్కాను, డ్యూటీ దిగాను అంటాం కదా తమ్ముడూ. ఇంగ్లీషులో గో ఆన్ డ్యూటీ, కమ్ ఆఫ్ డ్యూటీ. సుమారుగా మన ఎక్కడం దిగడమే. హాజరై చెప్పడం రిపోర్ట్ ఫర్ డ్యూటీ. ఇంటర్వ్యూలో నీ పనులేంటని అడిగితే "మై డ్యూటీస్ ఇంక్లూడ్..." అని మొదలుపెట్టు, ఆ పైన వరసగా చెప్పుకుపోవచ్చు. పెర్ఫార్మ్ డ్యూటీస్, క్యారీ అవుట్ డ్యూటీస్ అన్నవి కాగితం మీద మాటలు, నోటితో అంటే కాస్త బిగుసుకున్నట్టుంటుంది. షిఫ్టు మారేటప్పుడు పేషెంట్ల వివరాలన్నీ వచ్చినవాళ్లకు అప్పజెప్పాలి, అది హ్యాండోవర్. మంచం మంచం దగ్గరా నిలబడి చెప్పి, అప్పుడు కదలాలి. మేక్ డ్యూటీ మాత్రం ఎక్కడా అనకు.

ధవళేశ్వరం రిటైర్డు ఉద్యోగి:

ఆలస్యంగా వచ్చాను.

నేరగాఁడు గాఁడు నిద్ర మత్తున వాఁడు
లాకు తలుపు మఱచె లస్కరయ్య
'కమ్మి' టనకు 'మేకు' గాఁ జెప్పు మిస్టేకు
తప్పు చేయలేదు తప్పు చేసె

ఇరిగేషనులో చేసినవాణ్ణి. మా ఫైళ్లలో కింద నుంచి పై దాకా "హీ హాజ్ కమిటెడ్ ఎ మిస్టేక్" అనే రాసేవారు. కమిట్ వెంట నడిచేవి నేరం, హత్య, మోసం. లస్కరంటే లాకుల దగ్గర కాపలా ఉండే పనివాడు. పాపం కునుకు తీసిన లస్కరును ఆ మాట దొంగల పక్కన నిలబెడుతుంది. మిస్టేకుకు మేకే మర్యాద.

రావులపాలెం మాష్టారు:

అందరం "చేసె" మీద కుస్తీ పట్టాం. ఈయన "తప్పు" మీద పట్టారు. మొదటి తప్పు నేరం, రెండో తప్పు పొరపాటు. ఒక్క అక్షరం కదపకుండా సమస్య విడిపోయింది. "కమ్మిటనకు" ఇంగ్లీషు మాట కడుపులోంచి తెలుగు సంధి పుట్టినట్టుంది.

ముమ్మిడివరం లెక్కలాయన:

బాబాయ్ గారూ, పద్యానికి వంక లేదు, లస్కరుకుంది. లాకు తలుపులు పడవల కోసం కదా. నీళ్లు వదిలేదీ ఆపేదీ షట్టర్లతో. ఇప్పుడు కాలవలో పడవలేవండీ, తలుపు మరిచిపోవడానికి?

ధవళేశ్వరం రిటైర్డు ఉద్యోగి:

నా లస్కరు పడవలున్న రోజులవాడు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేయించాడు. తవ్విన కాలవలు చేలకు నీళ్లివ్వడానికీ, సరుకు మోయడానికీ రెంటికీ పనికొచ్చేవి. లాకులో పడవ దూరాక వెనక తలుపు మూస్తారు. పై నీరు మెల్లగా లోపలికి వదులుతారు. మట్టం సమానమయ్యాక ముందు తలుపు తీస్తారు. వెనక తలుపు సరిగ్గా పడకపోతే పైనుంచి వదిలిన నీరు వదిలినట్టే దిగువకు పోతుంది. పడవ అక్కడే ఉంటుంది, సరంగు కేకలు ధవళేశ్వరం నుంచి బొబ్బర్లంక దాకా వినపడతాయి. అలాంటి మనిషిమీద కమిటెడ్ అని రాసిన కాగితం నా చేతుల మీదుగానే వెళ్లింది. రాసింది నేను కాదు, మా పై ఆయన. ఆయనకు ఇంగ్లీషు బాగా వచ్చని పేరు.

సంచాలకుడు:

ఈ వారం మొదటి స్థానం ధవళేశ్వరం వారికి, రెండోది మలికిపురం నర్సమ్మకు. దాదాపు సమానమే. పెద్దాయన పద్యంలో సమస్య విడిపోయిన తీరు గొప్పది. నర్సమ్మ పద్యంలో మనిషి గొప్పది. కుర్రాడి మూడో పాదానికి విడిగా ఒక మెప్పు, మాష్టారి గడియారం మాట మాష్టారే చూసుకోవాలి.

వచ్చే వారానికి తేటగీతి.

పనికి రానట్టి వాఁడెపో పనికి వచ్చు

సెలవులు, హాజరు, రాజీనామాలకు చెందిన పొత్తులు వాడండి. కాల్ ఇన్ సిక్, టేక్ ఎ డే ఆఫ్, హ్యాండ్ ఇన్ యువర్ నోటీస్ లాంటివి. ఆదివారం రాత్రి లోపు పంపండి. డేటు మార్చను.