94 మ్యాచ్‌లు గెలిచినా వైల్డ్ కార్డ్ ఆడాలా? బేస్‌బాల్ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

క్రికెట్ చూస్తూ పెరిగినవాణ్ణి, ఈమధ్యే బేస్‌బాల్ ఫాలో అవుతున్నాను. మేజర్ లీగ్ ప్లేఆఫ్స్ మొదటి రౌండ్, అదే వైల్డ్ కార్డ్ సిరీస్, ఎంతకీ మింగుడుపడటం లేదు. 2022 నుంచి మూడు మ్యాచ్‌ల సిరీస్, అన్నీ పై సీడ్ (ర్యాంకు) టీమ్ సొంత గ్రౌండ్‌లోనే, మేజర్ లీగ్‌లోని రెండు లీగ్‌లలో ఒక్కోదాంట్లో మొదటి రెండు సీడ్‌లకు బై, అంటే ఈ రౌండ్ ఆడకుండానే తర్వాతి రౌండ్‌కి. ఇంతవరకు ఓకే.

2025లో టొరంటో, న్యూయార్క్ యాంకీస్ రెండూ 94 గెలిచాయి, ముఖాముఖిలో టొరంటో 8-5తో పైన ఉంది కాబట్టి డివిజన్ (లీగ్‌లోని గ్రూప్) టాప్ ప్లేస్ వాళ్లదే. సరే. కానీ 90 మాత్రమే గెలిచిన సియాటిల్ డివిజన్ టాపర్ అని హాయిగా ఇంట్లో కూర్చుంటే, 94 గెలిచిన యాంకీస్ బోస్టన్‌తో చావోరేవో ఆడాలా? ఐపీఎల్‌లో ఇలా చేస్తే ఊరుకుంటామా! డివిజన్‌కి ఇంత విలువ ఎందుకు ఇస్తున్నారు, మొత్తం గెలుపుల లెక్కన సీడింగ్ పెడితే వచ్చే నష్టమేంటి?

ఇంకోటి. ఆ సిరీస్ మొదటి మ్యాచ్‌లో బోస్టన్ పిచర్ (మన బౌలర్ లాంటివాడు) క్రోషే 117 బంతులు వేశాడు, 11 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని అవుట్ చేయడం), బోస్టన్ 3-1తో గెలిచింది కూడా. తర్వాతి రెండూ ఓడి ఇంటికెళ్లారనుకోండి, ఒకవేళ గెలిచి ఉంటే అతను తర్వాతి రౌండ్‌లో ఎన్నో మ్యాచ్‌కి దిగేవాడు? మామూలుగా ఎన్ని రోజుల గ్యాప్ ఇస్తారు? బై వచ్చిన టీమ్‌కి అసలు లాభం ఈ పిచర్ల విశ్రాంతేనా, లేక అన్ని రోజులు ఖాళీగా ఉంటే బ్యాటర్ల టచ్ పోతుందా?