సమస్య: “ఉప్పు చేపలోన నుప్పు లేదు”

ఆటవెలది నాలుగో పాదం. స్పెయిన్ ఉత్తరాన ఉండే బాస్కు జాతివారి వంట ‘బకలావో అల్ పిల్‌పిల్’ (కాడ్ చేపను ఆలివ్ నూనెలో వండి, తోలులోని జిగురుతో ఆ నూనెనే చిక్కటి పులుసుగా పట్టించేది), దాని పక్కన చకోలి వైను వస్తువుగా పూరించాలి. ఉప్పులో ఊరిన కాడ్ చేపలో ఉప్పెందుకు లేదో పద్యమే చెప్పాలి.

పూరణ 1

వేడి నీట నుంచి వెంటనే కడిగిన
మూడు గంటలందె ముక్క లమరు
చేప రుచిని జూచి చెప్పుమా మిత్రమా!
ఉప్పు చేపలోన నుప్పు లేదు

సంచాలకులు: ఆర్యా, గణాలూ యతులూ కుదిరాయి, వంటే తప్పింది. వేడినీళ్లకు పైపొర బిగుసుకుంటుంది, లోపలి ఉప్పు లోపలే ఉండిపోతుంది. తోలులోని జిగురేమో నీళ్లలో దిగి పారబోతకు పోతుంది, ఇక పులుసు పట్టదు. మూడు నాలుగు సెంటీమీటర్ల మందమున్న ముక్కకు మూడు గంటలు ఏ మూలకూ చాలవు, 36 నుంచి 48 గంటలు కావాలి.

పూరణ 2

ఎనిమిదేసి గంట లేగ నీరును మార్చి
నీట రెండు నాళ్లు నెమ్మదిగను
నానఁ బెట్టినంత నాల్కపై జూడుమా!
ఉప్పు చేపలోన నుప్పు లేదు

సంచాలకులు: అమ్మా, సమస్యకు సరైన విరుపు ఇదే. ‘జూడుమా!’ దగ్గర వాక్యం ఆగింది కాబట్టి తరవాతి అచ్చుతో విసంధి (సంధి కలపాల్సిన చోట కలపకపోవడం) బాధ లేదు. వంటవైపు రెండు మాటలు: గిన్నె ఫ్రిజ్‌లోనే ఉండాలి, ముక్క తోలు పైకి ఉండాలి. రుచి చూసేది మందమైన చోట, నడిమి నుంచి పిసరంత తుంచి, పచ్చిగానే. అంచు ముందే చప్పబడుతుంది, దాన్ని నమ్మితే మోసపోతాం. చిటికెడు ఉప్పు మిగిలినప్పుడే ఆపాలి, పూర్తిగా పోతే చేప పీచులా ఉంటుంది.

ఒక సభ్యురాలు: పప్పుచారుకు మన ఉప్పుచేపను ఇంతసేపు నానబెట్టం కదండీ?

సంచాలకులు: అక్కడ చేప నంజు, ఉప్పే దాని పని. ఇక్కడ కంచంలో పెద్దపీట చేపది.

పూరణ 3

తోలులోని జిగురు తొణికి నూనెను జేరి
పాల మీగడవలెఁ బట్టెఁ జూడు
పిండి గుడ్డు లేవు పిలుపిలు పులుసున
ఉప్పు చేపలోన నుప్పు లేదు

సంచాలకులు: ‘మీగడవలెఁ బట్టె’ నాకెంతో నచ్చింది. కానీ ‘పులుసున’ తరవాత ‘ఉప్పు’ విసంధి. ‘పులుసిదే!’ అంటే తీరుతుంది. ఉప్పెందుకు లేదన్నది మాత్రం పద్యం చెప్పలేదు, సమస్య అతికినట్టుగా ఉంది.

మరో సభ్యుడు: పులుసు విరిగిపోయేవారి కోసం కొలతలు. 200 గ్రాముల ముక్కలు నాలుగు, ఆలివ్ నూనె 300 మిల్లీలీటర్లు, వెల్లుల్లి ఆరు రెబ్బలు, గిండియా అనే ఎండుమిరప ఒకటి. కసువేల అనే వెడల్పాటి మట్టిపాత్రలో వెల్లుల్లి, మిరప సన్నసెగన వేయించి తీసేయాలి. నూనె 65 డిగ్రీలకు చల్లారాక, తుడిచి ఆరబెట్టిన ముక్కలు తోలు పైకి పెట్టి ఆరేడు నిమిషాలు ఉంచాలి. నూనెలో తెల్లటి చుక్కలు తేలతాయి, అదే జిగురు. నూనె వేరే గిన్నెలోకి వంచి, అడుగున ఆ తెల్లరసం ఉంచుకోవాలి. పాత్రను గుండ్రంగా ఊపుతూ గోరువెచ్చటి నూనెను చెంచా చెంచాగా కలపాలి. సెగ పెరిగినా, నూనె ఒక్కసారిగా పోసినా విరుగుతుంది. విరిగితే ముక్కలు తీసి, ఒక చెంచా తెల్లరసంతో మొదలుపెట్టి టీ వడకట్టే జల్లెడ అడుగుతో తిప్పుతూ మళ్లీ నూనె పోయండి, కలుస్తుంది.

పూరణ 4

నేర్పుతోడఁ బుల్లని చకోలిఁ బోసిన
జిడ్డు విడిచి నాల్క చేవ దాల్చు
పులుపు సోకినంత బుద్ధికిఁ దోచెరా!
ఉప్పు చేపలోన నుప్పు లేదు

సంచాలకులు: మూడో పాదంలో పు-బు యతి సరిపోయింది. ‘తోచెరా’ అనడంతో సమస్య తీరింది. అయితే నానని చేపను చకోలి కాపాడదు. ఉప్పు ఎక్కువైతే పులుపు అణిగి వైను నీరసంగా తోస్తుంది.

మూడో పూరణ రాసినవారు: నిజమే. బాస్కుల ఊరు గెతారియాలో చేసే చకోలి ముఖ్యంగా ఒందర్రాబి సూరి ద్రాక్షది, మద్యం 11 శాతం దరిదాపుల్లో ఉంటుంది. నూనె బరువును కోసేది ఆ పులుపే. వగరు ఎక్కువైన ఎర్ర వైను చేపతో పొసగదు. సీసా 8 నుంచి 10 డిగ్రీల్లో ఉంచి, చెయ్యెత్తి వెడల్పాటి గ్లాసులోకి సన్నని ధారగా రెండు వేళ్ల మందమే పోయాలి. నురుగు చచ్చేలోపు తాగేయాలి. పద్యంలోని ‘నేర్పు’ అదేననుకుంటాను.