‘చిత్తడి నేల’ అన్నిటికీ సరిపోతదా?

నల్లకుంట వాసి: అందరికీ నమస్తే. పిల్లల కోసం ఒక వ్యాసం రాస్తున్నా, ఎత్తైన కొండల మీది తడి నేలల్లో చలీ వానా బట్టి ఏ మొక్కలు ఉంటాయి, ఏవి పోతాయి అనే దాని మీద. మొదటి పేరాలోనే ఇరుక్కుపోయిన. వెట్‌ల్యాండ్ అంటే చిత్తడి నేల అని పేపర్లన్నీ రాస్తున్నయ్, ఫిబ్రవరి 2 వచ్చిందంటే చిత్తడి నేలల దినోత్సవం, సరే. కానీ అందులోనే వాన నీళ్ళతో తడిసే బాగ్ వేరు, భూమిలోంచి ఊరే నీళ్ళతో తడిసే ఫెన్ వేరు. రెండిటికీ ఇదే మాట వాడితే "చిత్తడికీ చిత్తడికీ తేడా ఏందంటే" అని వచ్చింది, నాకే నవ్వాగలే. ఊబి అందామా అంటే పిల్లలకి సినిమాలో విలన్ మునిగిపోయే సీన్ గుర్తొస్తది. మీ దగ్గర ఏమైనా మాట ఉందా?

కోనసీమ కుర్రాడు: బాడవ అనొచ్చుగా అండీ. మా వైపు నీళ్ళు నిలబడిపోయే పొలాన్ని అలాగే అంటారు.

నల్లకుంట వాసి: మంచి మాటే అండీ, కానీ బాడవ అంటే పల్లం కదా. ఆలోచిస్తే మన మాటలన్నిట్లో గుంట ఉంది చూడండి, కుంట, మడుగు, బాడవ, అన్నీ పల్లమే (నేనుండే ఏరియా పేరు కూడా). మా పహాణీల్లో (భూమి రికార్డుల్లో) తరి, ఖుష్కి (మెట్ట) అని రాస్తరు గానీ తరి అంటే చెరువు కిందో బావి కిందో పారే భూమి, అది వేరే లెక్క. మన ఎండలకి పల్లం లేకపోతే నీళ్ళు నిలవవు, అందుకే మాటలు కూడా అట్లనే పుట్టినయ్. నీరు పల్లమెరుగు అని ఊరికే అనలేదు. కానీ ఐర్లండ్, స్కాట్లండ్ కొండల్లో వాలు మీద కూడా తడి నేల ఉంటది! వాన ఆగదు, చలికి నీళ్ళు పెద్దగా ఆవిరి కావు, చచ్చిన నాచూ గడ్డీ గాలి అందక సరిగా కుళ్ళవు, వేల ఏళ్ళుగా పొర మీద పొర పేరుకుని కొండకి దుప్పటి కప్పినట్టు ఉంటది. ఆ పొరనే పీట్ అంటరు. అంటే అక్కడ తడి నేలని తయారు చేసేది గుంట కాదు, వాతావరణం.

మిద్దెతోట: పీట్ అంటే మేము కుండీల్లో వేసే కోకో పీటేనా?

నల్లకుంట వాసి: కాదండీ, అది కొబ్బరి పీచు తీసినాక మిగిలే పొట్టు, పేరు మాత్రం అప్పు తెచ్చుకుంది.

మెట్టరైతు: అన్నా, మా దిక్కు జాలు అంటం. కాలువ పక్కన పొలంల కిందికెళ్ళి నీళ్ళు ఊరుతనే ఉంటయ్, ఎంత దున్నినా ఆరదు, జాలు పట్టింది అంటం. తుంగ తెగ లేస్తది.

నల్లకుంట వాసి: అన్నా నువ్వు నా పని సగం చేసినవ్! ఫెన్ అంటే అచ్చం అదే. నీళ్ళు భూమిలోంచి, రాళ్ళని ఒరుసుకుంటూ వస్తయ్, సున్నం లాంటి ఖనిజాలు మోసుకొస్తయ్, అందుకే అక్కడ తుంగ జాతి మొక్కలు, గడ్డి, రకరకాలు పెరుగుతయ్. బాగ్‌కి పైనుంచి పడే వానే దిక్కు, దాంట్లో బలం ఏముంటది? అక్కడ రాజ్యం స్ఫాగ్నం అనే నాచుది. ఎండినప్పటి బరువుకి ఇరవై రెట్ల దాకా నీళ్ళు పట్టుకుంటది, పైగా చుట్టూ ఉన్న నీళ్ళని పుల్లగా మార్చి వేరే మొక్కలని రానివ్వదు. నైట్రోజన్ దొరక్క డ్రోసెరా లాంటి మొక్కలు జిగురు బొట్లతో పురుగుల్ని పట్టి తింటయ్. అంటే నీళ్ళు పైనుంచా కిందనుంచా అనేదే అసలు తేడా, అది జాలు అనే పొలం మాటలో ఉంది, చిత్తడి అనే పేపర్ల మాటలో లేదు.

కోనసీమ కుర్రాడు: మన దేశంలో పీట్ ఉందా అసలు? అంతా విదేశాల సంగతే చెప్తున్నారు.

నల్లకుంట వాసి: ఉందండీ, ఊటీ దగ్గరే, నీలగిరుల్లో 2,000 మీటర్ల పైన. ఆ కొండల్లో చలికాలం రాత్రి పల్లాల్లో మంచు పేరుకుంటది, షోలా అడవి (ఆ కొండల మడతల్లో పెరిగే పచ్చని అడవి) చెట్ల లేత మొలకలు దానికి తట్టుకోవు, గడ్డి తట్టుకుంటది. ఆ పీట్‌ని తవ్వి చూసి 1993లో ఆర్. సుకుమార్ అనే పర్యావరణ శాస్త్రవేత్త బృందం పరిశోధన అచ్చు వేసింది. అందులో నాకు నచ్చిన ముచ్చట ఏందంటే, జొన్న, చెరుకు లాంటి మొక్కలు గాలిలోని కార్బన్‌ని ఒక పద్ధతిలో పట్టుకుంటయ్, వరీ చెట్లూ ఇంకో పద్ధతిలో, రెండిటి గుర్తులు పీట్‌లో వేరుగా మిగులుతయ్. సుమారు 20 వేల ఏళ్ళ కింద, మంచుయుగం గట్టిగా ఉన్నప్పుడు, అక్కడ వానలు తగ్గి జొన్న తరహా గడ్డి పెరిగింది, సుమారు 11 వేల ఏళ్ళ కింద రుతుపవనాలు పుంజుకున్నాక రెండో రకం పెరిగింది. మొక్కలు రాసిన వాన లెక్క అన్నమాట.

మిద్దెతోట: ఊటీలో ఊట! అయితే ఊట నేల అనొచ్చుగా, జాలు అంటే మా విజయవాడ పిల్లలకి జాలువారడమే గుర్తొస్తుంది.

మెట్టరైతు: జాలు అనే పెట్టు అన్నా, తెల్వకపోతే నేర్చుకుంటరు.

నల్లకుంట వాసి: ఇద్దరి మాటా ఉంచిన. ఫెన్‌కి "ఊట నేల", పక్కనే ఒక వాక్యంలో తెలంగాణ పొలాల్లో దీన్నే జాలు అంటరు అని. బాగ్‌కి "వాన చిత్తడి". పీట్‌ని మాత్రం పీట్ అనే ఉంచిన, నల్లమట్టి అంటే రేగడి అనుకుంటరు. ఊబి కొట్టేసిన.