సంజీవకమా, నియంత్రకమా? అరటి కరపత్రానికి ఏ మాట?

ప్రశ్న (బిలోలి నుంచి):
పెద్దలకు నమస్కారం. మా నాందేడ్ జిల్లా అరటి రైతుల్లో తెలుగు చదివేవాళ్ల కోసం ఒక కరపత్రం రాస్తున్నాం. టిష్యూ కల్చర్ (మొక్క ముక్కను సీసాలో పెంచి మొక్కలు చేసే పద్ధతి) మొక్కల తయారీలో వాడే హార్మోన్లను మరాఠీలో ‘సంజీవకే’ అంటారు. మన పాఠ్యపుస్తకాల్లో ‘పెరుగుదల నియంత్రకాలు’ అని ఉంది. ఊళ్లో అయితే అన్నీ ‘మందే’. ఏది రాయమంటారు?

జవాబు (దెగ్లూరు నుంచి):
‘మందు’ మాత్రం వద్దండి. పురుగుకు కొట్టేదీ మందే, కలుపుకు కొట్టేదీ మందే. ‘మందు పెట్టి పుట్టించిన మొక్క’ అని పేరు పడిందంటే ఆ పండు పిల్లలకు పెట్టాలన్నా టెన్షనే.

‘సంజీవకం’ వినడానికి బాగుంది, మరాఠీలో స్థిరపడింది కూడా. కానీ తెలుగువాళ్లకు ఆ మాట వింటే పడిపోయిన లక్ష్మణుడు గుర్తొస్తాడు. వాడిపోతున్న తోట మీద చల్లితే లేచి నిలబడుతుందనుకుంటారు. ఇవి ప్రాణం పోసేవి కావు, కణాలు ఏ దారిన పెరగాలో చెప్పేవి.

‘నియంత్రకం’ అంటే మనకు ఆపడమే వినిపిస్తుంది. ఈ కుటుంబంలో ఆపేవీ ఉన్నాయి: మామిడికి వాడే పాక్లోబ్యుట్రజాల్ కొమ్మల పెరుగుదలను తగ్గించి పూతకు దారి ఇస్తుంది. అందుకే మొత్తం కుటుంబానికి ఆ పేరు తప్పు కాదు. అరటి సంగతి చెప్పేటప్పుడు మాత్రం ‘చిగురు హార్మోను’, ‘వేరు హార్మోను’ అని పని పేరుతో రాయండి.

ఎందుకంటే జరిగేది అదే. మంచి తల్లి మొక్క పిలక నుంచి మొన భాగం తీసి, శుభ్రం చేసి, చక్కెర, లవణాలు కలిపిన అగర్ అనే జెల్లీ మీద పెడతారు. అందులో చిగురు హార్మోను, అంటే సైటోకైనిన్ జాతికి చెందిన బెంజైల్ అడినిన్ లీటరుకు కొన్ని మిల్లీగ్రాములు కలిపితే పక్క మొగ్గలు లేచి గుంపు కడతాయి. మూడు నాలుగు వారాలకోసారి ఆ గుంపును విడదీసి కొత్త సీసాల్లో పెడతారు. చివరికి వేరు హార్మోను, అంటే ఆక్సిన్ ఇస్తే వేర్లు దిగుతాయి.

అసలు కీలకం పాళ్లలో ఉంది. 1957లో స్కూగ్, మిల్లర్ అనే శాస్త్రవేత్తలు పొగాకు కణజాలం మీద ఇది చూపించారు: ఆక్సిన్ పాళ్లు ఎక్కువైతే వేర్లు, సైటోకైనిన్ పాళ్లు ఎక్కువైతే చిగుళ్లు, రెండూ మధ్యస్థంగా ఉంటే రూపం లేని కణాల ముద్ద. ‘పాళ్లు’ అన్న మాట మన రైతుకు కొత్త కాదు, దాన్ని తప్పక వాడండి.

ఈ రెండు రకాల హార్మోన్లను మొక్కలు సహజంగానే తయారు చేసుకుంటాయని, ఇందులో జన్యుమార్పిడి లేదని కూడా రాయండి. భయపడాల్సింది వేరే చోట: తల్లి మొక్కలో వైరస్ ఉంటే పిల్లలన్నిటికీ వస్తుంది, మరీ ఎక్కువసార్లు విడదీస్తే తల్లి పోలిక లేని తేడా మొక్కలు పెరుగుతాయి. వైరస్ పరీక్ష చేసిన మొక్కలేనా అని అడిగి కొనమనండి. నాకైతే హార్మోను పేరు కంటే ఈ ముక్కే ముఖ్యం.

ప్రశ్న (ధర్మాబాద్ నుంచి):
మరి టిష్యూ కల్చర్‌ను ‘కణజాల వర్ధనం’ అనాలా? హార్డెనింగ్‌కు తెలుగేమిటి?

జవాబు (దెగ్లూరు నుంచి):
టిష్యూ కల్చర్ అనే ఉంచండి, నర్సరీలో అడిగే మాట అదే. హార్డెనింగ్‌కు ఒక్క మాట వెతకక్కర్లేదు. ‘సీసాలోంచి తీసిన మొక్కను షేడ్ నెట్ కింద మెల్లగా ఎండకు, గాలికి అలవాటు చేయడం’ అని రాస్తే అందరికీ తెలుస్తుంది.