రెండు కొత్త ఆల్బమ్‌లకు కలిపి ఒకే రివ్యూ రాయొచ్చా?

అమెరికన్ హిప్-హాప్ బృందం వూ-టాంగ్ క్లాన్ వినేవాళ్లు కాస్త సాయం చేయండి. ఆ బృందంలోని ర్యాపర్లు ఇద్దరు, 2025 జూలైలో రేక్వాన్, ఆగస్టులో ఘోస్ట్‌ఫేస్ కిల్లా, సొంత ఆల్బమ్‌లు తెచ్చారు. రెండిటికీ కలిపి రివ్యూ మొదలుపెట్టా, రెండు పేరాలు దాటట్లేదు. ఏం రాసినా రేక్వాన్ 1995 నాటి తొలి ఆల్బమ్ దగ్గరికే పోతోంది. అందులో చాలా పాటల్లో ఘోస్ట్‌ఫేస్ ఉన్నాడు, అట్ట మీదా ఇద్దరూ ఉన్నారు. పైగా ఘోస్ట్‌ఫేస్ తన 2000 నాటి ఆల్బమ్ పేరుకే 2 తగిలించి కొత్తది వదిలాడు. ఇక పోల్చకుండా ఎలా ఉంటాం? కానీ 1995 ఆల్బమ్‌లో బీట్లు బృందం నిర్మాత రిజ్జావి, ఇప్పుడు రకరకాల నిర్మాతలవి. పోలిక ఎంతవరకు న్యాయం? పాతవి వినని తెలుగు పాఠకులకు ఎక్కడ మొదలుపెట్టాలి? వాళ్లు పెరిగిన న్యూయార్క్ స్టాటెన్ ఐలాండ్ యాసలో సగం నాకే అర్థం కాదు, అదో టెన్షన్. మీరైతే విడివిడిగా రాస్తారా?