అద్దె ఇంటి డిపాజిట్ తిరిగి రావడం లేదు, తనిఖీ పత్రం లేకుండా నిరూపించేదెలా?

ఇల్లు ఖాళీ చేసి 74 రోజులైంది. ఒప్పందం ప్రకారం తాళాలు అప్పగించిన 30 రోజుల్లోగా డిపాజిట్, అంటే 2 నెలల అద్దె మొత్తం, నాకు తిరిగి రావాలి. ముందస్తు నోటీసు గడువు కన్నా 5 రోజులు ముందే రాసి ఇచ్చాను. అద్దె, కరెంటు, నీటి బిల్లులేవీ బాకీ లేవు.

మొదటి నెలంతా యజమాని “వచ్చే వారం చూద్దాం” అన్నారు. 41వ రోజున మాట మార్చారు. గోడలు పాడయ్యాయట, రంగులు వేయించడానికే డిపాజిట్ అంతా సరిపోయిందట! నేను అక్కడ 4 ఏళ్లు ఉన్నాను. రంగు వెలిసిందన్నది నిజమే కానీ అది వాడుకలో సహజంగా వచ్చే అరుగుదల, నేను చేసిన నష్టం కాదు. గోడకు పగుళ్లు లేవు, మేకులు కొట్టిన గుర్తులూ లేవు. ఖర్చుల రసీదులు చూపమని మూడుసార్లు సందేశం పంపాను. చదివినట్టు తెలుస్తోంది, జవాబు మాత్రం లేదు. 15 రోజుల గడువు పెట్టి రిజిస్టర్డ్ ఉత్తరం రాశాను. అది అందినట్టు రసీదు వచ్చింది, గడువు మొన్ననే ముగిసింది.

నా దగ్గర ఒప్పంద పత్రం, చెల్లింపుల వివరాలు, ఖాళీ చేసిన రోజున ప్రతి గదిలో తీసిన వీడియో ఉన్నాయి. లేనిదల్లా ఇంట్లో చేరినప్పటి ఫోటోలు, ఇద్దరం సంతకం చేసిన తనిఖీ పత్రం. ఇన్ని నెలల కష్టార్జితం కాబట్టి వదులుకోలేను.

ఇలాంటి వివాదంలో డిపాజిట్ రాబట్టుకున్నవారు చెప్పండి: చేరినప్పటి తనిఖీ పత్రం లేకుండా, గోడలకు నష్టం చేయలేదని మీరు ఏ ఆధారంతో నిరూపించగలిగారు?